ఎంఎఫ్ఏకి రెండు ఆఫర్లు: ఒకటి జీతంతో, ఒకటి అప్పుతో. ఏది తీసుకోమంటారు?

తణుకు_తార | మార్చి 27, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం వచ్చి రాస్తున్నాను, ఏమనుకోకండి.

ఎంఏ ఇంగ్లీషు చేసి హైదరాబాద్‌లో కంటెంట్ రైటింగ్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 42,000 వస్తుంది. రాత్రిళ్లు ఇంగ్లీషులో కథలు రాసుకుంటాను. డిసెంబరులో అమెరికాలో 7 చోట్ల క్రియేటివ్ రైటింగ్ ఎంఎఫ్ఏకి (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, అంటే కథలూ కవితలూ రాయడంలో మాస్టర్స్ డిగ్రీ) అప్లై చేశాను. అప్లికేషన్ ఫీజులకే 50 వేల దాకా అయింది. 5 చోట్ల కాదన్నారు, 2 చోట్ల వచ్చింది.

ఒకటి న్యూయార్క్‌లో. పేరు చెబితే తెలిసినవాళ్లు "అబ్బో" అంటారు. రెండేళ్ల కోర్సు. ట్యూషన్‌లో కొంత మాఫీ చేశారు, మిగిలింది ఏడాదికి 33,000 డాలర్లు మేమే కట్టాలి. ఉండడానికీ తినడానికీ ఇంకో 30,000 చూపించమన్నారు.

రెండోది మిడ్‌వెస్ట్‌లో, అంటే అమెరికా ఉత్తర మధ్య రాష్ట్రాల్లో, చిన్న ఊరు. మూడేళ్ల కోర్సు. ట్యూషన్ మొత్తం మాఫీ. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూ క్లాసులు చెప్పే పని, టీఏ అంటారు) ఇచ్చి ఏడాదికి 19,800 డాలర్లు ఇస్తామంటున్నారు. ఆ ఊరి పేరు మా ఆఫీసులో ఒక్కరు కూడా వినలేదు.

నాన్నగారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. లోన్ కోసం ఇద్దరం బ్యాంకుకి వెళ్తే మేనేజరు గారు లెటర్ రెండుసార్లు చదివి "రైటింగ్ అంటే ఏంటమ్మా, టైపింగా?" అని అడిగారు. తర్వాత ఇంటి కాగితాలు తెమ్మన్నారు. నాన్న "సరే" అన్నారు గానీ బస్సులో తణుకు వచ్చేదాకా మాట్లాడలేదు.

న్యూయార్క్ వాళ్లు ఏప్రిల్ 1 లోపు చెప్పమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

చింతచెట్టు | మార్చి 27, రాత్రి 10:40

ఇంగ్లీషు నేర్చుకోవడానికి కోటి రూపాయలా? అదే డబ్బుతో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేస్తే రెండేళ్లలో అప్పు తీరిపోద్ది కదా. తప్పుగా అనుకోవద్దు, ప్రాక్టికల్‌గా చెప్తున్నా.

మోడరేటర్ | మార్చి 27, రాత్రి 10:58

చింతచెట్టు గారూ, ఆవిడ అడిగింది ఏ కోర్సు చదవాలని కాదు. అడిగినదానికి జవాబుంటే రాయండి.

మంచుదారి | మార్చి 28, ఉదయం 6:31

తార గారూ, ముందు అభినందనలు. కొన్ని మంచి ప్రోగ్రామ్‌లలో వందల అప్లికేషన్ల నుంచి ఏడాదికి పది మందిని కూడా తీసుకోరు. కార్నెల్‌లో అయితే కథకి నలుగురు, కవిత్వానికి నలుగురు, అంతే. మీకు రెండు చోట్ల వచ్చింది.

నేను 2016లో మిడ్‌వెస్ట్‌లోనే ఎంఎఫ్ఏ చేశాను, టీఏగా. మీకు బయట ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. అమెరికాలో ఎంఎఫ్ఏకి వెళ్లేవాళ్లలో పాతుకుపోయిన మాట ఇది: జేబులోంచి డబ్బు కట్టి ఎంఎఫ్ఏ చేయకూడదు. ఇది గొప్పకి అనే మాట కాదు. ఆ డిగ్రీ ఉద్యోగం ఇవ్వదని అక్కడ అందరికీ తెలుసు. అది ఇచ్చేది రాసుకోవడానికి రెండు మూడేళ్ల టైము, రాసింది చదివే పదిమంది మనుషులు. ఆ టైముకి ఎవరో ఒకరు డబ్బివ్వాలి. టెక్సస్ ఆస్టిన్‌లోని మిచెనర్ సెంటర్, జాన్స్ హాప్కిన్స్, మిషిగన్‌లోని హెలెన్ జెల్ ప్రోగ్రామ్ లాంటివి చేరిన ప్రతి ఒక్కరికీ పూర్తిగా డబ్బిస్తాయి. పెద్ద పేరున్నా విద్యార్థుల ఫీజుల మీదే నడిచేవీ ఉన్నాయి. పేరు చూసి ఏది ఏదో చెప్పలేం, లెటర్ చూడాలి.

టీఏ పని ఎలా ఉంటుందో కూడా చెప్తాను, అది తేలిక అనుకోకండి. మొదటి సెమిస్టర్‌లో నాకు ఫస్టియర్ కాంపోజిషన్ రెండు సెక్షన్లు ఇచ్చారు. అంటే డిగ్రీలో చేరిన ప్రతివాడూ తప్పనిసరిగా తీసుకోవాల్సిన ఇంగ్లీషు రాత క్లాసు. 44 మంది పిల్లలు. సగం మంది మొక్కజొన్న రైతుల పిల్లలు, వాళ్లు జీవితంలో చూసిన మొదటి ఇండియన్ టీచర్ని నేనే. మొదటి రోజు బోర్డు మీద నా పేరు రాసి వెనక్కి తిరిగితే ఒక్కడూ పలకలేదు. మూడో వారానికి ఒకడు ఆఫీసుకొచ్చి "మీరు అన్న 'వి' అక్షరం 'డబ్ల్యూ' లాగా వినిపించింది, అందుకే తప్పు రాశాను" అన్నాడు. మార్కుల కోసమో నిజంగానో ఇప్పటికీ తెలియదు. 44 వ్యాసాలు, ఒక్కోదానికి 20 నిమిషాలు అనుకుంటే దాదాపు 15 గంటలు. అలాంటివి సెమిస్టర్‌కి నాలుగు. ఆ వారాల్లో నా కథ ఒక్క వాక్యం కూడా కదిలేది కాదు.

అయినా మళ్లీ అడిగితే అదే చేస్తాను.

లెక్కల_మాస్టారు | మార్చి 28, ఉదయం 9:05

అమ్మా తారా, నాకు సాహిత్యం తెలీదు. మా అమ్మాయిని అమెరికా పంపినప్పుడు లెక్కలు నేర్చుకున్నాను. నువ్వు రాసిన అంకెలతోనే వేసి చూశాను.

న్యూయార్క్: 33,000 ట్యూషన్, 30,000 ఖర్చులు, రెండేళ్లకి 1,26,000 డాలర్లు. డాలరు 88 అనుకున్నా కోటీ పది లక్షలు. 11 శాతం వడ్డీకి 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకి లక్షా పాతిక వేలు కట్టాలి. మన బ్యాంకుల పద్ధతిలో ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతారు, మేనేజరు కొత్తగా ఏమీ అడగలేదు. ఇంకొకటి, ఇంగ్లీషు, క్రియేటివ్ రైటింగ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సులు కావు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే, కంప్యూటర్ వాళ్లకిచ్చే 24 నెలల పొడిగింపు నీకు రాదు. ఆ ఏడాదిలోపు లక్షా పాతిక ఈఎంఐ కట్టగల జీతం కావాలి. నువ్వే ఆలోచించు.

మిడ్‌వెస్ట్: 19,800 అన్నావు. అది 9 నెలల జీతమా, 12 నెలలదా? లెటర్‌లో ఎక్కడో ఉంటుంది, చూసి చెప్పు. ట్యూషన్ మాఫీ అన్నారు, మరి "ఫీజులు" మాఫీయా? ఈ రెండూ వేరు. హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? ఎండాకాలం ఏం తింటావు?

తణుకు_తార | మార్చి 28, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, ఇప్పుడే లెటర్ మళ్లీ చదివాను. భయమేసింది. అక్కడ రాసినది ఇది: అకడమిక్ సంవత్సరానికి 9 నెలల అపాయింట్‌మెంట్, వారానికి 20 గంటలు. ట్యూషన్ పూర్తిగా మాఫీ. "తప్పనిసరి ఫీజులు" విద్యార్థే కట్టాలి, సెమిస్టర్‌కి సుమారు 900. ఇన్సూరెన్స్‌లో 80 శాతం వాళ్లు కడతారు, నా వాటా ఏడాదికి సుమారు 700. ఎండాకాలం గురించి ఒక్క ముక్క లేదు. చివర్లో చిన్న అక్షరాల్లో "నిధుల లభ్యతను బట్టి, సంతృప్తికరమైన ప్రగతిని బట్టి ఏటా పునరుద్ధరణ" అని ఉంది. అంటే రెండో ఏడాది తీసేయొచ్చా?

లెక్కల_మాస్టారు | మార్చి 28, మధ్యాహ్నం 2:02

భయపడకు. 19,800లో ఫీజులు 1,800, ఇన్సూరెన్స్ 700 తీసేస్తే 17,300. 12 నెలలకి పంచితే నెలకి 1,440 చిల్లర. చిన్న ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే అద్దె 600, తిండికి 300, ఫోనూ కరెంటూ హీటరూ కలిపి 100. నెలకి 1,000 అయితే గడిచిపోతుంది. మిగిలేది టికెట్లకీ రోగానికీ.

ట్యాక్స్ సంగతి మంచుదారి గారు చెప్పాలి.

మంచుదారి | మార్చి 28, రాత్రి 8:45

మాస్టారి లెక్క కరెక్టే. ట్యాక్స్ కూడా చెప్తాను. ట్యూషన్ మాఫీ మీద ట్యాక్స్ ఉండదు, జీతం మీద ఉంటుంది. కానీ ఇండియా–అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 21 ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, అంటే జీతంలో అంత మొత్తం మీద పన్ను ఉండదు. చాలా దేశాల విద్యార్థులకి ఈ సౌకర్యం లేదు. 2025 సంవత్సరానికి అది 15,750 డాలర్లు. 19,800 మీద మామూలుగా 2,100 దాకా ఫెడరల్ ట్యాక్స్ పడాల్సింది, దీనివల్ల 400 దగ్గర ఆగుతుంది. ఆగస్టులో దిగితే మొదటి ఏడాది నాలుగు నెలల జీతమే కాబట్టి అసలు పడదు. స్టేట్ ట్యాక్స్ వేరు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు (అక్కడి పింఛనుకీ, పెద్దవాళ్ల వైద్యానికీ జీతంలోంచి కోసేవి) ఎఫ్-1 మీద, అంటే స్టూడెంట్ వీసా మీద, మొదటి 5 క్యాలెండర్ ఏళ్లు ఉండవు. పేరోల్ వాళ్లు పొరపాటున కోస్తే అడిగి వెనక్కి తెచ్చుకోవాలి. నా దగ్గర రెండు నెలలు కోశారు.

ఆగస్టు మధ్యలో దిగుతారు. సోషల్ సెక్యూరిటీ నంబరు రావాలి, పేరోల్‌లో ఎక్కాలి. మొదటి జీతం నాకు సెప్టెంబరు చివర్లో వచ్చింది. ఈలోపు అద్దె, డిపాజిట్, పరుపు, చలికోటు. 3,000 డాలర్లు చేతిలో పెట్టుకుని దిగండి. నేను 1,100తో దిగాను. రెండు వారాలు నేల మీద దుప్పటి వేసుకుని, ఇంట్లోంచి తెచ్చుకున్న కందిపొడీ అన్నంతో గడిపాను. పొడి అయిపోయిన రోజు మాత్రం కొంచెం బాధనిపించింది, నిజం చెప్పొద్దూ.

ఇంకోటి. టీఏ 20 గంటలు అంటే ఎఫ్-1 మీద సెమిస్టర్ నడిచేటప్పుడు చేయగలిగిన పని మొత్తం అదే. గ్యాస్ స్టేషన్, మోటెల్ అని ఎవరైనా చెబితే వినకండి, వీసా పోతుంది. సెలవుల్లో మాత్రం క్యాంపస్‌లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. రైటింగ్ సెంటర్, లైబ్రరీ, సమ్మర్ కాంపోజిషన్ క్లాసు లాంటివి. వాటికి జనవరిలోనే అడగాలి.

హాస్టల్_గది_214 | మార్చి 29, ఉదయం 11:17

అక్కా, ఇక్కడి సంగతి కూడా తెలుసుకో. నేను హైదరాబాద్‌లో ఇంగ్లీషులో పీహెచ్‌డీ, రెండో ఏడాది. జేఆర్ఎఫ్ ఉంది, అంటే యూజీసీ నెట్ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చినవాళ్లకి రీసెర్చికిచ్చే జూనియర్ ఫెలోషిప్. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000 చేశారు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. అంతకుముందు 31,000, 35,000 ఉండేవి. మొత్తం 5 ఏళ్లు ఇస్తారు. హాస్టల్ లేకపోతే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. పుస్తకాలకీ ఫీల్డ్ వర్కుకీ కంటిన్జెన్సీ అని ఇచ్చే డబ్బు మొదట్లో ఏడాదికి 10,000, ఎస్ఆర్ఎఫ్ అయ్యాక 20,500. నీ ఇప్పటి జీతంతో పోలిస్తే పెద్ద తేడా లేదు, హాస్టల్ అద్దె నామమాత్రం.

కానీ డబ్బు నెలనెలా ఠంచనుగా పడుతుందనుకోకు. ప్రతి నెలా హాజరు మీద గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ సంతకం, తర్వాత ఆఫీసులో ఒకరు కెనరా బ్యాంకు పోర్టల్‌లో ఎక్కించాలి, ఇంకొకరు ఓకే చేయాలి. వాళ్లని మేకర్, చెకర్ అంటారు. చెకర్ గారు సెలవు పెడితే అందరి ఫెలోషిప్పూ సెలవే. ఒకసారి నాకు 5 నెలలు ఆగి మొత్తం ఒకేసారి పడింది. ఆ 5 నెలలూ మెస్ బకాయిల లిస్టులో నా పేరే మొదట ఉండేది.

జేఆర్ఎఫ్ రానివాళ్ల గతి వేరు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ నెలకి 8,000. దాన్ని కూడా తీసేస్తామంటే 2015లో ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు రోజుల తరబడి కూర్చున్నారు. తర్వాత తీసేయలేదు గానీ ఆ 8,000 అక్కడే ఉంది. స్టేట్ యూనివర్సిటీల వాళ్లకి అది కూడా రాదు. మా పక్క గదిలో అన్న ఆ 8,000తోనే అయిదో ఏడు లాగుతున్నాడు, పొద్దున్నే ఇద్దరు ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పి.

ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాళ్లకి విడిగా నేషనల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి, మొత్తం జేఆర్ఎఫ్‌తో సమానం. మైనారిటీలకి ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్ మాత్రం 2022లో ఆపేశారు.

నీకు 30 లోపు ఉంటే జేఆర్ఎఫ్ కోసం నెట్ రాసి పెట్టుకో, ఆడవాళ్లకి వయసులో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది. జూన్, డిసెంబరు, ఏడాదికి రెండుసార్లు. మా బ్యాచ్ 2024 జూన్‌లో రాసింది, రాసిన మర్నాడే రద్దన్నారు. మళ్లీ చదివి మళ్లీ రాశాం.

పాత_కాపీ | మార్చి 29, రాత్రి 9:50

పైన అందరూ మంచి మాటలు చెప్పారు. నేను చేదు మాట చెప్తాను, ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి.

నేను అమెరికాలో ఇంగ్లీషు పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు చదువుకి సంబంధం లేని ఉద్యోగంలో ఉన్నాను. నా లెటర్‌లో కూడా "నిధుల లభ్యతను బట్టి" అనే ఉంది. నాలుగేళ్లు ఏ గొడవా లేదు. అయిదో ఏడు మార్చిలో ఒక ఈమెయిల్ వచ్చింది, వచ్చే ఏడాది సెక్షన్లు తగ్గుతున్నాయి కాబట్టి నాకు సగం అపాయింట్‌మెంటే అని. సగం జీతం. ట్యూషన్ మాఫీ కూడా సగం. యూనివర్సిటీ పేరు అడగకండి, ఆ మాట చాలాచోట్ల ఉంటుంది, ఎక్కువమందికి ఏమీ కాదు. నాకు అయింది.

ఇప్పుడు గాలి ఇంకా మారింది. బోస్టన్ యూనివర్సిటీలో 2024లో గ్రాడ్యుయేట్ విద్యార్థులు దాదాపు 7 నెలలు సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. కొన్ని వారాలు తిరక్కుండా, ఇంగ్లీషుతో సహా డజను దాకా విభాగాల్లో ఆ తర్వాతి ఏడాదికి పీహెచ్‌డీ అడ్మిషన్లు ఆపేశారు. జీతాలు పెంచుకున్నవాళ్ల తప్పేం లేదు, ముందున్న జీతంతో ఆ ఊళ్లో అద్దె కూడా కట్టలేరు. కాకపోతే ఎంఎఫ్ఏ అయ్యాక పీహెచ్‌డీలో దూరి నాలుగైదేళ్లు గడుపుదాం అనే పాత ప్లాన్ ఇప్పుడు నమ్ముకోవడానికి లేదు.

కాబట్టి తార గారూ, మిడ్‌వెస్ట్ వాళ్లకి ఈ మూడూ అడుగుతూ రేపే రాయండి. గత అయిదేళ్లలో మంచి ప్రగతి ఉన్న విద్యార్థికి రెండో ఏడో, మూడో ఏడో అసిస్టెంట్‌షిప్ ఆపిన సందర్భం ఉందా? ఎండాకాలం ఎంతమందికి పని దొరుకుతోంది? ఫీజులు జీతంలోంచి వాయిదాల్లో కోసుకుంటారా? ఇలా అడిగితే సీటు పోతుందేమోనని మనవాళ్లు భయపడతారు. పోదు. ఇంకోటి కూడా చేయండి, రెండో ఏడు చదువుతున్న విద్యార్థి ఈమెయిల్ ఒకటి ఇప్పించమనండి. అసలు సంగతి వాళ్లు చెప్తారు.

చింతచెట్టు | మార్చి 29, రాత్రి 10:22

నేనేదో వేళాకోళానికి రాశా గానీ, ఈ థ్రెడ్ చదివాక మా చెల్లికి పంపించా. అది కూడా ఇంగ్లీషే. ఒక డౌటు: అమెరికా ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ ఫుల్‌బ్రైట్ ఉంది కదా, అది రాదా వీళ్లకి?

మంచుదారి | మార్చి 30, ఉదయం 6:12

మన దేశం నుంచి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ కొన్ని నిర్ణీత సబ్జెక్టులకే. క్రియేటివ్ రైటింగ్ అందులో లేదు, పైగా మూడేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. ఎఫ్ఎల్‌టీఏ అని ఇంకోటి ఉంది, అక్కడికి వెళ్లి మన భాష చెప్పడం. 9 నెలలే, డిగ్రీ రాదు. ఇన్‌లాక్స్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌కి ఇంగ్లీషు వాళ్లు వేయొచ్చు, లక్ష డాలర్ల దాకా ఇస్తారు, 30 ఏళ్ల లోపు ఉండాలి, కానీ పోటీ మామూలుగా ఉండదు. బ్రిటన్ అయితే అక్కడి ప్రభుత్వ స్కాలర్‌షిప్ షెవెనింగ్, ఏడాది మాస్టర్స్‌కి, చదువయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి. స్టాన్‌ఫర్డ్‌లో స్టెగ్నర్ ఫెలోషిప్ ఉంది, రెండేళ్లు జీతం ఇచ్చి రాసుకోమంటారు, డిగ్రీ ఉండదు, డిగ్రీ అడగరు కూడా.

మీ చెల్లికి తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసే అలవాటుంటే అయోవాలో సాహిత్య అనువాదానికే విడిగా ఎంఎఫ్ఏ ఉంది. ఆర్కన్సాలో కూడా క్రియేటివ్ రైటింగ్‌తో పాటు అనువాదం ఉంది. మంచి తెలుగు కథలు తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక మెట్టు ఎక్కువే. మన భాష నుంచి చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

లెక్కల_మాస్టారు | మార్చి 30, ఉదయం 8:40

తారా, ఏప్రిల్ 1 గడువు గురించి ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి అప్పుడు చెప్పింది, అమెరికాలో "ఏప్రిల్ 15 తీర్మానం" అని ఒకటుంది. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వాళ్లది. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 కన్నా ముందు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. సంతకం చేసినవాళ్ల జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకో. తొందరపడి ముందే డిపాజిట్ కట్టకు.

తణుకు_తార | ఏప్రిల్ 4, రాత్రి 9:15

అందరికీ చాలా థాంక్స్. వారం రోజులుగా రాయలేదు, ఇంట్లో నడుస్తున్నదాంట్లో పడిపోయాను.

మాస్టారూ, న్యూయార్క్ వాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. ఏప్రిల్ 15 దాకా టైము కావాలని రాస్తే ఒక్క లైనులో "తప్పకుండా" అన్నారు. అంతే. నేను ఆ ఒక్క లైను రాయడానికి రెండు గంటలు కూర్చున్నాను.

మిడ్‌వెస్ట్ కోఆర్డినేటర్ గారు వివరంగా రాశారు. అయిదేళ్లలో ఒక్కరికి మాత్రమే మూడో ఏడు ఆపారట, అది వాళ్లు క్లాసులకి రాకపోవడం వల్ల. ఎండాకాలానికి గ్యారంటీ లేదు, కానీ సగం మందికి సమ్మర్ క్లాసో రైటింగ్ సెంటరో దొరుకుతోంది. ఫీజులు నాలుగు వాయిదాల్లో కట్టొచ్చు. రెండో ఏడు అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడాను. నేను అడగకుండానే ఆమె చెప్పింది: "జనవరిలో మైనస్ 25 ఉంటుంది, కారు లేకపోతే కూరగాయలు కష్టం, కానీ ఇక్కడ నా నవల 200 పేజీలు అయింది."

నాన్నకి మాస్టారి లెక్క ప్రింట్ తీసి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. "అయితే నువ్వు పాఠం చెబుతావు, వాళ్లు జీతమిస్తారు, చదువు ఉత్తినే" అన్నారు. అవునన్నాను. "మరి ఇంటి కాగితాలు ఎందుకు తీశాం?" అన్నారు. బీరువాలోంచి తీసిన కవరు అలాగే టేబుల్ మీద ఉంది, దాన్ని మళ్లీ లోపల పెట్టేశారు.

3,000 డాలర్లకి నా సేవింగ్స్, ఇంకా పీఎఫ్ సరిపోతాయి. సంతకం పెట్టి పంపేశాను.

పాత_కాపీ | ఏప్రిల్ 4, రాత్రి 10:03

మంచి పని చేశారు. ఆ కోఆర్డినేటర్ ఈమెయిల్ పీడీఎఫ్ చేసి దాచుకోండి. ఒక్క పని మిగిలింది. న్యూయార్క్ వాళ్లకి వద్దని ఈ రాత్రే రాసేయండి, 15 దాకా ఆగొద్దు. ఆ మాఫీ డబ్బు మీ పేరు మీద ఉన్నంతసేపూ వెయిటింగ్ లిస్టులో ఎవరో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఒకప్పుడు అలా కూర్చున్నది నేనే.

మంచుదారి | ఏప్రిల్ 5, ఉదయం 6:20

కంగ్రాట్స్ తారా. చలికోటు ఇండియాలో కొనకండి, అక్కడ సెకండ్ హ్యాండ్ షాపుల్లో 15 డాలర్లకి దొరుకుతుంది. కందిపొడి మాత్రం రెండు కిలోలు తీసుకెళ్లండి.

తణుకు_తార | ఏప్రిల్ 5, ఉదయం 7:48

రాసేశాను, రాత్రి 11:40కి. అమ్మ అప్పుడే కందిపప్పు ఎండబెట్టేసింది, ఆగస్టుకి ఇప్పటినుంచే ఎందుకంటే వినట్లేదు.